నార్వే తీరం వెంబడి బెర్గెన్ - కిర్కెనెస్ షిప్ రివ్యూ: ఏ నెలలో ఎక్కాలి, ఏ నెలలో వద్దు

నార్వే ట్రిప్ అనగానే అందరూ అడిగేది నార్తర్న్ లైట్స్ (రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) కనిపిస్తాయా అనే. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని డిసెంబర్‌కి టికెట్లు బుక్ చేసేసుకుని, తీరా వెళ్లాక ఎప్పుడు చూసినా చీకటే అయ్యేసరికి ఏం చెయ్యాలో తోచక షిప్‌లో కెఫెలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నవాళ్లని చాలామందిని చూశా. బెర్గెన్ నుంచి పైన రష్యా బోర్డర్ దగ్గరున్న కిర్కెనెస్ దాకా రోజూ నడిచే షిప్ సర్వీస్ గురించి ఈ రివ్యూ. నేను దీంట్లో చలికాలంలో వెళ్లా, మార్చిలో వెళ్లా, ఎండాకాలంలోనూ వెళ్లా. రూట్ అదే, రేవులు అవే, కానీ నెల మారితే అసలు ఇదే రూటా అనిపిస్తుంది. ఏ కంపెనీ షిప్‌లో ఎప్పుడెక్కానో కావాలనే చెప్పట్లేదు, ఎందుకంటే నా ఉద్దేశంలో కంపెనీ కన్నా నెల ముఖ్యం.

ముందు ఒకటి క్లియర్‌గా చెప్పాలి, ఇది క్రూజ్ కాదు. 1893 జులైలో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ వెస్టెరాలెన్ అనే ఆవిరి ఓడని ట్రోండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి నడిపాడు, పైనున్న ఊళ్లకి పోస్టు, సరుకులు, మనుషుల్ని చేరవెయ్యడానికి, ఆ పని ఇప్పటికీ ఆగలేదు. ప్రభుత్వం కాంట్రాక్ట్ ఇచ్చి నడిపిస్తుంది, 2021 నుంచి రెండు కంపెనీలు పంచుకున్నాయి, హుర్టిగ్రుటెన్‌వి ఏడు షిప్పులు, హావిలావి నాలుగు. 34 రేవుల్లో ఆగుతుంది, అచ్చం పల్లెవెలుగు బస్సే. రాత్రి రెండింటికి ఏదో చిన్న ఊరి దగ్గర ఆగి ఫోర్క్‌లిఫ్ట్‌తో సరుకు దింపి పావుగంటలో బయల్దేరిపోతుంది. హాస్పిటల్‌కి పక్కూరు వెళ్లే ముసలామె, మ్యాచ్ ఆడ్డానికి వెళ్లే స్కూల్ పిల్లలు, కెమెరాలు మెళ్లో వేసుకున్న టూరిస్టులు అందరూ ఒకే లాంజ్‌లో ఉంటారు. స్టేజ్ షోలు, కేసినోలు ఏం ఉండవు. అలాంటివి కావాలంటే ఇక్కడే ఆగిపోండి, ఇది మీకు నచ్చదు.

పైకి ఆరు రాత్రులు, కిందకి ఐదు, మొత్తం రౌండ్ ట్రిప్ 12 రోజులు. పైకి వెళ్లేటప్పుడు రాత్రిపూట దాటేసిన ఊళ్లు కిందకి వచ్చేటప్పుడు పగలు కనిపించేలా టైమింగ్స్ పెట్టారు, ఇది నిజంగా బాగా ఆలోచించి చేసిన పని. కానీ ఆ "పగలు" అనేది ఉంటేనే కదా, అసలు గొడవ అక్కడే.

చలికాలం సంగతి. ఉత్తరాన ఉన్న ట్రోమ్సో అనే ఊళ్లో నవంబర్ చివర్నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు అసలు ఉదయించడు. అలాగని కారుచీకటేం కాదు, మధ్యాహ్నం పూట రెండు మూడు గంటలు ఆకాశం నీలంగా, అంచుల్లో గులాబీరంగుగా ఉంటుంది, ఆ వెలుతురు భలే ఉంటుంది, ఫొటోల్లో సరిగ్గా రాదు కానీ. మిగతా టైమంతా కిటికీలో మీ మొహమే మీకు కనిపిస్తుంది. చలి అనుకున్నంత ఉండదు, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల ఈ తీరం గడ్డకట్టదు, ఏడాది పొడుగునా షిప్పులు నడవగలిగేది కూడా అందుకే, ట్రోమ్సోలో జనవరి సగటు మైనస్ మూడు నాలుగు డిగ్రీలే. అసలు బాధ డెక్ మీద గాలితో, దాని ముందు థర్మామీటర్ చెప్పే నంబర్ లెక్కలోకి రాదు.

లైట్స్ విషయానికొస్తే, చీకటి ఎక్కువుంటే లైట్స్ ఎక్కువ కనిపిస్తాయి అనేది సగమే నిజం. మబ్బు పట్టిందంటే పైన ఎంత పెద్ద ప్రదర్శన జరిగినా మీకేం కనపడదు, ఈ తీరంలో చలికాలం మబ్బులకి కొదవే లేదు. ఇక్కడ షిప్‌కి ఒక లాభం ఉంది, ఒకచోట ఉండిపోదు కాబట్టి ఒక ఊళ్లో మబ్బున్నా రెండు గంటల తర్వాత ఇంకోచోట ఆకాశం తెరిపిచ్చే చాన్స్ ఉంటుంది. కనిపించగానే స్పీకర్లో అనౌన్స్ చేస్తారు, రాత్రి ఒంటిగంటకైనా సరే, క్యాబిన్‌లో ఆ స్పీకర్ ఆన్‌లో ఉందో లేదో పడుకునే ముందు చూసుకోండి. థర్మల్స్, జాకెట్ తలగడ పక్కనే పెట్టుకోవాలి, అన్నీ వేసుకుని డెక్ మీదకొచ్చేసరికి అయిపోయింది అని తిట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఒకళ్లిద్దరుంటారు. హుర్టిగ్రుటెన్‌వాళ్లు చలికాలపు రౌండ్ ట్రిప్పులకి ఒక గ్యారంటీ ఇస్తారు, లైట్స్ కనపడకపోతే ఇంకో ప్రయాణం ఫ్రీ అని. వినడానికి బావుంటుంది కానీ కండిషన్లు, డేట్లు పూర్తిగా చదవండి, పైగా ఆ ఫ్రీ ట్రిప్ కోసం మళ్లీ నార్వే దాకా ఫ్లైట్ ఖర్చు మీదే.

చలికాలంలో ఇంకోటి, తుఫాను గాలులొస్తే షిప్ కొన్ని రేవులు వదిలేసి వెళ్లిపోతుంది. హుస్టాడ్‌వికా, వెస్ట్‌ఫియోర్డ్, నార్త్ కేప్ (నార్వే ఉత్తరపు కొసన సముద్రం మీదకున్న కొండకొమ్ము) దాటాక బారెంట్స్ సముద్రం వైపు, ఇవన్నీ అడ్డుగా దీవులు లేని చోట్లు, అక్కడ ప్లేట్లు జారతాయి, కడుపులో తిప్పుతుంది, మాత్ర ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. ఒక ట్రిప్‌లో నార్త్ కేప్ బస్సు కూడా గాలి వల్ల కాన్సిల్ చేశారు. డబ్బులు తిరిగి ఇచ్చారు అది వేరే విషయం, కానీ రెండో ఆప్షన్ ఏదీ చూపించకుండా మూడున్నర గంటలు కేప్ దగ్గరి రేవు హోనింగ్స్‌వోగ్‌లో తిరగమంటే ఏం తిరుగుతాం, ఆ ఊరు నలభై నిమిషాల్లో అయిపోతుంది. చలికాలంలో కేప్‌కి వెళ్లే చివరి 13 కిలోమీటర్ల రోడ్డు మీద బళ్లన్నీ మంచు తోసే బండి వెనకాల వరసగా వెళ్లాల్సిందే, గాలి ఎక్కువైతే అదీ ఉండదు. కాబట్టి చలికాలంలో కేప్ చూస్తాం అని రాసిపెట్టుకోకండి, కుదిరితే చూస్తాం అనుకోండి.

మరి చలికాలం ఎవరికి? తిమింగలాలు చూడాలనుకునేవాళ్లకి. హెర్రింగ్ చేపల గుంపుల వెనకాల ఓర్కాలు, హంప్‌బ్యాక్‌లు నవంబర్ నుంచి జనవరి దాకా షెర్వోయ్ చుట్టుపక్కలకి వస్తాయి, షిప్ ఆ ఊళ్లో ఆగుతుంది, కానీ తిమింగలాల కోసమైతే దిగి అక్కడే ఉండి వేరే బోట్ పట్టుకోవాలి, షిప్ మీంచి కనపడతాయని ఆశ పెట్టుకోవద్దు. ఫిబ్రవరి 6 సామీ ప్రజల (ఉత్తరాది ఆదివాసులు) జాతీయ దినం, ఆ వారం ట్రోమ్సోలో ఉంటే మెయిన్ స్ట్రీట్‌లోనే రెయిన్‌డీర్ పందేలు పెడతారు, ఫిబ్రవరి వెళ్లేవాళ్లు డేట్లు దానికి కలుపుకుంటే మంచిది.

ఇక నా లెక్కలో బెస్ట్ నెల మార్చి, రెండో మాట లేదు. ఫిబ్రవరి, మార్చిల్లో అక్కడ పగలు రోజుకి దాదాపు పది నిమిషాల చొప్పున పెరుగుతూ పోతుంది, మార్చి మూడో వారానికి పగలు రాత్రి సమానం. అంటే పగలంతా ఎండలో మంచుకొండలు చూడొచ్చు, రాత్రికి లైట్స్ వెతుక్కోవచ్చు. పైగా పగలు రాత్రి సమానంగా ఉండే ఈ రోజుల చుట్టూ, మార్చిలోనూ సెప్టెంబర్‌లోనూ, భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహానికి ఎదురుపడే కోణం అనుకూలంగా ఉంటుంది కాబట్టి లైట్స్ వచ్చే అవకాశం సగటున కాస్త ఎక్కువే, డిసెంబర్ డిసెంబర్ అని కొట్టుకునేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. లోఫోటెన్ దీవుల్లో అప్పుడు కాడ్ చేపల సీజన్ జోరు మీదుంటుంది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే చేపలు, వాటిని తోకలు కట్టి జంటలు జంటలుగా పెద్ద పెద్ద కర్రల దడుల మీద ఆరబెడతారు. అక్కడి రేవు స్వోల్వేర్‌లో దిగితే ముందు వాసన పలకరిస్తుంది, తర్వాత ఊరు కనిపిస్తుంది. షిప్‌లో భోజనం కూడా అప్పుడే బావుంటుంది, ఆ చేపే వండుతారు కాబట్టి.

మే నెల చాలామంది లిస్టులో ఉండదు, పాపం. మంచు కరిగి జలపాతాలు నిండుగా ఉండేది మే, జూన్‌లోనే, ఆగస్టుకి చాలావరకు సన్నబడిపోతాయి. మే 17 వాళ్ల జాతీయ పండగ, ఆరోజు ఏ రేవులో ఆగినా సంప్రదాయ బట్టలేసుకున్న జనం, పిల్లల ఊరేగింపు, బ్యాండ్. దుకాణాలు మాత్రం మూసేస్తారు, గుర్తుంచుకోండి.

వేసవి గురించి నాకు కొంచెం పేచీ ఉంది. అందాలకి ఏం తక్కువ లేదు, నార్త్ కేప్‌లో మే మధ్య నుంచి జులై చివరి దాకా సూర్యుడు అస్తమించడు, ట్రోల్ ఫియోర్డ్ (ఫియోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) లోపలికి వెళ్తారు, ఇరుకైన చోట వంద మీటర్లే వెడల్పు, అంత పెద్ద షిప్ అక్కడ ఉన్నచోటే తిరిగి వెనక్కొస్తుంటే డెక్ మీద అందరూ నోరు తెరుచుకుని చూస్తారు. చలికాలంలో కొండచరియల భయంతో ఆ లోపలికి పోరు. గైరాంగెర్ ఫియోర్డ్ కూడా సీజన్‌ని బట్టే, అది 2005 నుంచి యునెస్కో లిస్టులో ఉంది, హావిలా షిప్పుల్లో 6.1 మెగావాట్ అవర్ల బ్యాటరీలుంటాయి కాబట్టి ఇంజన్ చప్పుడు లేకుండా బ్యాటరీ మీద నాలుగు గంటల దాకా పోగలవు. ఫియోర్డ్‌ల కోసమే వెళ్లేవాళ్లు మీ డేట్‌కి ఏ ఫియోర్డ్ లోపలికి వెళ్తారో టైమ్‌టేబుల్‌లో చూసుకునే డబ్బులు కట్టండి. కానీ జులైలో జనం, జులైలో రేట్లు, నార్వేవాళ్లకి కూడా అప్పుడే సెలవులు, ముందువైపు లాంజ్‌లో అద్దాల దగ్గర సీటు కావాలంటే పొద్దున్నే వెళ్లి పుస్తకం పెట్టి రావాల్సిందే, నాకు ఆ పద్ధతి అస్సలు నచ్చదు. లైట్స్ అసలు కనపడవు, ఆకాశం చీకటి పడదు కదా, అయినా ఆగస్టు మొదట్లో లైట్స్ టూర్ ఉందా అని రిసెప్షన్‌లో అడిగేవాళ్లున్నారు.

సెప్టెంబర్ రెండో బెస్ట్. చెట్లన్నీ పసుపు, ఎరుపు, జనం తగ్గుతారు, లైట్స్ మొదలవుతాయి, నీళ్లు ఇంకా మరీ రెచ్చిపోవు. అక్టోబర్ చివరికొచ్చేసరికి గాలులు మొదలు. నవంబర్ మొదటి సగం మాత్రం మంచూ సరిగ్గా ఉండదు, ఎండా ఉండదు, రేటు తక్కువ అని ఊరిస్తారు, దానిక్కారణం ఉంది.

క్యాబిన్ విషయంలో నా సలహా చాలామందికి వింతగా అనిపిస్తుంది. వేసవిలో కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకోండి, రాత్రంతా వెలుతురే కాబట్టి చీకటి గది దొరకడమే గొప్ప. డిసెంబర్‌లోనూ లోపలిదే తీసుకోండి, కిటికీ ఉన్నా బయట ఏం కనపడదు. కిటికీకి ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టడం మార్చి, సెప్టెంబర్‌లకే దండగ కాదు. ఏ క్యాబిన్ అయినా కింది డెక్‌లో వద్దు, నాకోసారి అలాంటిదే ఇచ్చారు, రేవు వచ్చినప్పుడల్లా పక్కకి తోసే ప్రొపెల్లర్లు గర్ర్‌మంటూ లేపేస్తాయి, 34 రేవులు మరి.

తిండి బావుంటుంది కానీ ఖర్చు. బీరు వంద క్రోనర్లు (నార్వే డబ్బు) దాటుతుంది. వెజిటేరియన్లకి ముందే చెప్తే వండి పెడతారు, తినగలం, కానీ అన్నిరోజులూ అదే అంటే మొహం మొత్తుతుంది. ట్రోండ్‌హైమ్, ట్రోమ్సో లాంటి మూడు నాలుగు గంటలు ఆగే ఊళ్లలో సూపర్‌మార్కెట్‌కి వెళ్లి బ్రెడ్, పళ్లు, నార్వేవాళ్ల గోధుమరంగు చీజ్ తెచ్చుకుంటే రోజుకి ఒక పూట ఖర్చు మిగులుతుంది, ఆదివారం మాత్రం చాలావరకు మూసుంటాయి. క్యాష్ అక్కర్లేదు, కార్డ్ అన్నిచోట్లా నడుస్తుంది. చలికాలంలో దిగేటప్పుడు బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు కొనుక్కోండి, రేవు నుంచి ఊళ్లోకి నడిచే దారి గాజులా ఉంటుంది.

ఆర్కిటిక్ సర్కిల్ (ఉత్తర ధ్రువ ప్రాంతం మొదలయ్యే ఊహారేఖ) దాటేటప్పుడు డెక్ మీద మెడలో ఐసు ముక్కలు వేస్తారు, తిరిగొచ్చేటప్పుడు స్పూన్‌తో కాడ్ లివర్ ఆయిల్ పోస్తారు. రెండోది తప్పించుకోండి.

పూర్తి 12 రోజులు అందరికీ అవసరం లేదు. నా ఓటు బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా ఒకవైపుకే, అక్కడ్నుంచి ఓస్లోకి రెండు గంటల ఫ్లైట్. కాకపోతే కిందకి వచ్చేటప్పుడే పగలు కనిపించేవి, సెవెన్ సిస్టర్స్ కొండలు, మధ్యలో ఇటునుంచి అటు దాకా చిల్లున్న టోర్‌ఘాటెన్ కొండ, ఇవి పోతాయి, అవి కావాలంటే రౌండ్ ట్రిప్పే. అంత బడ్జెట్ లేనివాళ్లకి ఇంకో దారుంది, లోకల్ జనం కొనే రేవు నుంచి రేవు టికెట్. బోడో నుంచి స్వోల్వేర్‌కి మధ్యాహ్నం ఎక్కి రాత్రికి దిగిపోవచ్చు, క్యాబిన్ అక్కర్లేదు, లాంజ్‌లో కూర్చోవచ్చు, ఆ కొద్ది గంటల్లోనే లోఫోటెన్ కొండల గోడ మొత్తం ఎదురుగా లేస్తూ వస్తుంది. మొత్తం డబ్బులు పెట్టేముందు మీకు ఈ షిప్ పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవక పద్ధతి లేదు.

రేటింగ్ అడిగితే మార్చికి అయిదుకి అయిదు, సెప్టెంబర్‌కి నాలుగున్నర, మేకి నాలుగు, జులైకి మూడున్నర, డిసెంబర్‌కి మూడు, నవంబర్‌కి రెండు.