ఫిట్జ్‌రాయ్ తుఫాను గొట్టం: చిరుపుస్తకమే అసలు సరుకు

బ్రిటిష్ నౌకాదళ అధికారి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ పేరుతో అమ్ముతున్న ఈ గాజు గొట్టాన్ని మూడు నెలలుగా బల్లమీద ఉంచి గమనిస్తున్నాను. కర్పూరం, సురేకారం, నవాసారం కలిసిన ద్రావణంలో చలి ఉదయాల్లో పక్షి ఈకల్లాంటి స్ఫటికాలు అడుగు నుంచి పైకి పేరుకుంటాయి, ఎండెక్కితే కరిగిపోతాయి. చూడముచ్చటగా ఉంటుంది కానీ, సీలు వేసిన గొట్టం కాబట్టి ఇది ప్రధానంగా ఉష్ణోగ్రతకే స్పందిస్తుంది. తుఫాను రాకను చెబుతుందన్న ప్రకటనను నమ్మి కొనవద్దు.

డబ్బుకు న్యాయం చేసింది మాత్రం దానితో వచ్చిన, ఫిట్జ్‌రాయ్ జీవితాన్ని చెప్పే చిరుపుస్తకమే. 1828లో, ఇరవై మూడేళ్లకే బీగిల్ ఓడ పగ్గాలు చేపట్టిన ఫిట్జ్‌రాయ్, 1831లో మొదలైన రెండో యాత్రకు 22 క్రోనోమీటర్లతో (సముద్రంపై ఓడ ఉన్న రేఖాంశం తెలుసుకోవడానికి వాడే కచ్చితమైన గడియారాలు) పాటు డార్విన్‌నూ వెంట తీసుకెళ్లారు. న్యూజిలాండ్ గవర్నరుగా పనిచేసిన కాలాన్ని రచయిత రెండు వాక్యాల్లో దాటేయడం నాకు నచ్చలేదు. 1859లో రాయల్ చార్టర్ ఓడ తుఫానులో మునిగి దాదాపు 450 మంది చనిపోయాక, ఆయన టెలిగ్రాఫ్ ద్వారా రేవులకు కబురు పంపి, స్తంభాలపై శంకు ఆకారపు గుర్తులు ఎగరవేయించి నావికులను హెచ్చరించే ఏర్పాటును 1861లో నెలకొల్పిన తీరును మాత్రం చక్కగా వివరించారు. 1865లో ఆయన ఆత్మహత్యను సంయమనంతో రాశారు.

అక్షరాలు మరీ చిన్నవి; భూతద్దం దగ్గర పెట్టుకోవాలి.