వాలీ ఓపల్: జడ్జి కుర్చీ, మంత్రి కుర్చీ

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో లాయరుగా మొదలైన వాలీ ఓపల్ రెండు కుర్చీల్లోనూ కూర్చున్నారు. 1981లో కౌంటీ కోర్టు, 1985లో ఆ ప్రావిన్స్ సుప్రీంకోర్టు, 2003లో అప్పీలు కోర్టు. జడ్జికి ఓట్ల టెన్షన్ ఉండదు. కానీ చట్టం బాగాలేదనిపించినా తనంతట తాను మార్చలేరు.

2005లో బెంచ్ వదిలి, శాసనసభకు గెలిచి అటార్నీ జనరల్ (అక్కడ అది న్యాయశాఖ మంత్రి పదవి) అయ్యారు. అక్కడ చట్టం మార్చే వీలుంది, పార్టీ మాట దాటే వీలు తక్కువ. కుర్చీ కూడా నిలకడ కాదు: 2009లో డెల్టా సౌత్ నియోజకవర్గంలో కేవలం 32 ఓట్లతో ఓడారు, మళ్లీ లెక్కించినా అంతే!

నా మనసు జడ్జి కుర్చీ వైపే. కనబడకుండా పోయిన మహిళల కేసులపై 2010లో విచారణ కమిషన్ వేసి ఆయన్ని నియమించినప్పుడు, మాజీ మంత్రి కదా అనే చాలామంది అభ్యంతరం చెప్పారు.