నాయకుల వారసుల వార్తలు: నేను వాడుతున్న తెలుగు వార్తల యాప్‌పై సమీక్ష

బెంగళూరులో ఉంటూ ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక రాజకీయాలను ఒకేచోట తెలుగులో చదవాలనుకునేవారికి ఈ యాప్ అక్కరకొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో నిలిచిపోయిన బస్సులో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు కూడా పేజీలు తెరుచుకుంటాయి. ప్రకటనల బెడద కూడా తక్కువే. అయితే రాజకీయ నాయకుల కొడుకులు, కూతుళ్ల గురించి ఇది వార్తలు ఇచ్చే తీరు నన్ను తీవ్రంగా నిరాశపరిచింది.

2024 నవంబరులో కర్ణాటకలోని చన్నపట్న ఉప ఎన్నికలో, మాజీ ముఖ్యమంత్రి కుమారస్వామి కొడుకు నిఖిల్ కుమారస్వామి ఓడిపోయిన రోజున యాప్ ముందుగా పంపింది ‘నిఖిల్ ఎల్లిద్దీయప్పా’ (కన్నడంలో ‘నిఖిల్, ఎక్కడున్నావప్పా’) అన్న పాత వీడియోను. ఆయన తొలి సినిమా వేడుకలో తండ్రి వేదిక మీద నుంచి కొడుకును పిలిచిన ఆ మాట 2019 మండ్య ఎన్నికల నాటికి కర్ణాటకమంతా మారుమోగింది. ఇక్కడి తెలుగువాళ్లకూ అది కంఠతా వచ్చు. ఓడిన రోజున దాన్నే మళ్లీ వినిపిస్తే పాఠకుడికి కొత్తగా తెలిసేదేమిటి? 2019లో మండ్యలో సుమలత చేతిలో ఓడిన ఆయనకు 2023లో తల్లి అనిత తప్పుకుని తన రామనగర స్థానాన్ని ఇచ్చారు. అక్కడా ఓడాక, తండ్రి లోక్‌సభకు వెళ్లడంతో ఖాళీ అయిన చన్నపట్న టికెట్టూ ఆయనకే దక్కింది. మరి ఆ నియోజకవర్గాల్లో ఏళ్ల తరబడి జెండా మోసిన కార్యకర్తల మాటేమిటన్న ప్రశ్న ఆ రోజు యాప్‌లో ఎంత వెతికినా నాకు కనబడలేదు.

నారా లోకేశ్ విషయంలోనూ ఇదే వరస. 2017లో శాసనమండలి సభ్యుడైన కొద్ది రోజులకే ఆయన తన తండ్రి చంద్రబాబు మంత్రివర్గంలో మంత్రిగా చేరారు. ప్రజల ఓటుతో గెలవకముందే మంత్రి కావడం సబబేనా అన్నది గట్టిగా అడగదగిన ప్రశ్న. పాత వార్తల విభాగంలో మాత్రం ఆయన మాట తడబడిన క్లిప్పులే వరుసగా కనిపిస్తాయి. 2019లో మంగళగిరిలో ఓడి, 2023లో పాదయాత్ర చేసి, 2024లో అక్కడే 91 వేలకు పైగా మెజారిటీతో గెలిచిన మనిషి గురించి ఆ క్లిప్పులు ఓటమికి కారణమూ చెప్పలేదు, గెలుపుకు కారణమూ చెప్పలేదు.

అంతకన్నా బాధ కలిగించేది, రాజకీయాల్లోకి వచ్చినవారినీ రానివారినీ ఒకే గాటన కట్టడం. తమ బొమ్మతో ఫ్లెక్సీలు కట్టించుకుని, పార్టీ పదవి తీసుకుని, సభల్లో ప్రసంగించేవారు ఎంత కటువైన ప్రశ్నకైనా జవాబు చెప్పాల్సిందే. తన మానాన తాను ఉద్యోగం చేసుకుంటున్న నాయకుడి కూతురు కట్టుకున్న చీర ఖరీదు ఎవరికి కావాలి? అలాంటి ఫొటోల కింద వచ్చే వ్యాఖ్యలు చదవడానికే సిగ్గేస్తుంది. ఫిర్యాదు మీట నొక్కితే ‘ధన్యవాదాలు’ అని వస్తుంది, వ్యాఖ్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఎన్నికల విభాగం మాత్రం నిజంగా బాగుంది. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్లలోని ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలను తెలుగులో పొందికగా ఇచ్చారు. వారసుల మీద రాసే ప్రతి కథనం కిందా ఆ పేజీకి లింకు ఇస్తే విమర్శకు బలం వస్తుంది.

ఎన్నికల ఫలితాల కోసం ఈ యాప్‌ను నిస్సంకోచంగా వాడవచ్చు. సెట్టింగుల్లో ‘ప్రముఖులు’ అన్న విభాగానికి నోటిఫికేషన్లు ఆపేసుకోండి. ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను.