లౌరినా, ఆల్బెరికా: ముందు ఎవరి కథ చదవాలి?

ఇద్దరూ 13వ శతాబ్దపు జర్మన్ వీరగాథల్లోని మరుగుజ్జు రాజులే. కథానాయకుడికి లౌరిన్ పగవాడు, ఆల్బెరిక్ అండ.

నిడివి: ‘లౌరిన్’ చిన్నది, చకచకా సాగిపోతుంది. ఆల్బెరిక్ ఉన్న ‘ఓర్ట్‌నిట్’లో సముద్రయానం, ముట్టడి కూడా ఉన్నాయి, ఓపిక కావాలి.

మాయ: ఇక్కడ లౌరిన్‌దే పైచేయి. అతని గులాబీతోటకు కంచె పట్టుదారమే, కానీ తోట పాడుచేస్తే ఎడమ పాదం, కుడి చెయ్యి జరిమానా! పన్నెండుమంది బలమిచ్చే నడికట్టు, కప్పుకుంటే మాయమయ్యే ముసుగు అతని ఆయుధాలు. కత్తి దిగదు. ముసలి గురువు హిల్డెబ్రాండ్ చెప్పిన కిటుకుతో కథానాయకుడు డీట్రిష్ కుస్తీకి దిగి నడికట్టు తెంపేస్తాడు. అంతటితో ఆగినా బాగుండేది. విందుకు పిలిచి మత్తుమందిస్తాడు లౌరిన్.

ఆల్బెరిక్ అయితే, ఒక ఉంగరం ఉన్నవాడికే కనిపిస్తాడు. కథానాయకుడైన రాజు ఓర్ట్‌నిట్‌కు అసలు తండ్రి తనేనని చెప్పి, బంగారు కవచం, కత్తి ఇస్తాడు.

ముగింపు: లౌరిన్ కథలో ఊరట ఉంది. ఓర్ట్‌నిట్‌ను నిద్రలో డ్రాగన్ ఎత్తుకెళ్తుంది, దాని పిల్లలు అతన్ని కవచం సందుల్లోంచి పీల్చేస్తాయి. కవచానికి గీత పడదు.

పోరాటాలు, మాయలు కావాలంటే లౌరిన్. తండ్రీకొడుకుల చిక్కుముడి, విషాదం తట్టుకోగలిగితే ఆల్బెరిక్. పిల్లలకు చెప్పడానికైతే మొదటిదే.