సాంబ మసూరికి ఒక్క జన్యువు చాలా, మూడు కావాలా?

తుపాను గాలికి ఆకులు ఒరుసుకున్న మడిని కొన్ని రోజులాగి చూడండి. ఆకు కొసల నుంచి అంచుల వెంబడి పసుపు చారలు కిందికి దిగుతుంటాయి. అది బాక్టీరియా ఎండాకు తెగులు. మడంతా పాకాక మందు కొట్టి ఆపడం చాలా కష్టం. తట్టుకునే గుణం విత్తనంలోనే ఉండాలి.

1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, ఈ తెగులుకు తొందరగా లొంగిపోతుంది. గింజ సన్నదనం, అన్నం రుచి చెడకుండా దానికి తెగులును తట్టుకునే శక్తి ఇవ్వాలి. ఒక్క జన్యువు ఎక్కిస్తే చాలా?

పని తేలిక కావాలంటే ఒక్కటే మేలు. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఏ21 అనే జన్యువు చాలా గట్టిది. బాక్టీరియాను పసిగట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది. తల్లి నుంచి వచ్చినా, తండ్రి నుంచి వచ్చినా ఒక్క ప్రతి చాలు. కానీ లేత నారులో దీని బలం తక్కువ. పైగా ఒకే జన్యువును నమ్ముకుంటే ఏమవుతుందో ఎక్స్‌ఏ4 అనే మరో జన్యువు చూపించింది. ఆ జన్యువున్న రకాలను ఆసియాలో విస్తారంగా వేశాక, దాన్ని దాటగల బాక్టీరియా పుట్టుకొచ్చింది.

అందుకే హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎక్స్‌ఏ21కి ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 అనే జన్యువులు కూడా జోడించారు. నాకు ఇందులో బాగా నచ్చేది ఎక్స్‌ఏ13. మామూలు వరిలో బాక్టీరియా ఒక చక్కెర జన్యువు స్విచ్ నొక్కి, మొక్క చేతే తనకు తిండి పెట్టించుకుంటుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ స్విచ్ మారిపోయి ఉంటుంది, నొక్కడానికి బాక్టీరియాకు పట్టు దొరకదు. ఒకటి కాపలా కాస్తే, ఇంకొకటి తిండి ఆపేస్తుంది. మూడింటినీ ఒకేసారి దాటడం బాక్టీరియాకు అంత సులువు కాదు.

ఖర్చు, శ్రమ మాత్రం ఎక్కువే. ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే పనిచేస్తాయి. ఒక్కరి నుంచే వచ్చిన మొక్కను కంటితో చూసి గుర్తించలేం. ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ పరీక్ష చేసి ఏరుకుంటూ, మళ్లీ మళ్లీ సాంబతోనే సంకరం చేశారు. అలా 2008లో మెరుగైన సాంబ మసూరి (ఆర్‌పీ బయో 226) విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, హైబ్రిడ్ కూడా కాదు, కాబట్టి విత్తనం దాచుకోవచ్చు.

ఎండాకు తెగులు ఏటా వచ్చే చోట నా ఓటు మూడు జన్యువులకే. ఆ బెడద లేని చేలో పాత సాంబ వేసినా నష్టం లేదు. అయితే ఈ మూడూ అగ్గి తెగులునూ సుడిదోమనూ ఆపవు, వాటిని విడిగా చూసుకోవాల్సిందే. గింజ చూసి ఏ సాంబో చెప్పడం కష్టం కాబట్టి కొనేటప్పుడు సంచి మీద ఆర్‌పీ బయో 226 అని ఉందో లేదో చూసుకోండి.