హెచ్‌ఎస్‌ఏలో ఎక్కువ పడ్డ డబ్బు: వెనక్కి తీయాలా, ఉంచేయాలా?

అమెరికాలో ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే రెండు కంపెనీల పేరోల్ నుంచీ హెచ్‌ఎస్‌ఏకి (వైద్య ఖర్చుల కోసం పన్ను రాయితీతో దాచుకునే ‘హెల్త్ సేవింగ్స్ అకౌంట్’) కోత పడి పరిమితి దాటడం మామూలే. 2025లో ఒక్కరి కవరేజీకి పరిమితి 4,300 డాలర్లు. 4,900 పడ్డాయనుకుందాం, 600 ఎక్కువ.

వెనక్కి తీస్తే: 2025 పన్ను రిటర్న్ గడువులోపే వేసి ఉంటే 2026 అక్టోబర్ 15 దాకా టైముంది. 600తో పాటు దానిమీద వచ్చిన లాభమూ తీయాలి. హెచ్‌ఎస్‌ఏ ఖాతా నడిపే సంస్థ ఇచ్చే ‘అదనపు జమ తొలగింపు’ ఫారమే వాడండి. కార్డు గీకో, మామూలు విత్‌డ్రాయల్‌గానో తీస్తే వైద్యేతర ఖర్చు కింద పన్నుతో పాటు 20 శాతం జరిమానా మీద పడొచ్చు. తర్వాత 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వేసి, పైన ‘ఫైల్డ్ పర్స్యువెంట్ టు సెక్షన్ 301.9100-2’ అని రాసి, కారణం వివరించాలి. పేరోల్ కోత డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం ఫారం) బాక్స్ 1లోని పన్ను పడే జీతంలో ఉండదు కాబట్టి ఆ 600ను 2025 ‘ఇతర ఆదాయం’లో కలపాలి. లాభం మాత్రం తీసిన ఏడాది, అంటే 2026 రిటర్న్‌లోకి. చాలామంది తప్పేది ఇక్కడే.

ఉంచేస్తే: ఫారం 5329 (అదనపు పన్నుల ఫారం)తో ఆ 600 మీద 6 శాతం పన్ను, అంటే 36 డాలర్లు. ఆ 600 ఆదాయంలో కలపడం ఎలాగూ తప్పదు. 2026 పరిమితి 4,400; ఆ ఏడాది 3,800కే ఆపితే పాత 600 అందులో సర్దుకుని, అప్పుడు డిడక్షన్‌గా వస్తుంది. ఈలోగా హెచ్‌ఎస్‌ఏకి అర్హత లేని ఆరోగ్య బీమా ప్లాన్‌కి మారారో, సర్దడానికి చోటుండదు. 6 శాతం ఏటా పడుతూనే ఉంటుంది.

ప్లాన్ మారదంటే, ఇంత చిన్న మొత్తానికి 36 డాలర్లు కట్టేయడమే నయం. వేలల్లో ఉంటే తీసేయండి.