గాఢత లెక్కలకు ఎన్‌సీఈఆర్‌టీ ద్రావణాల అధ్యాయం: ఏళ్లుగా బోధనలో వాడాక నా సమీక్ష

ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులకు రసాయన శాస్త్రం బోధిస్తూ, ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలోని ద్రావణాల అధ్యాయాన్ని ఏళ్లుగా వాడుతున్నాను. గాఢత లెక్కల వరకు, లావుపాటి బిట్ బ్యాంకుల కన్నా ఇందులోని గుప్పెడు లెక్కలే విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తాయని నా గట్టి నమ్మకం.

నైట్రిక్ ఆమ్లం లెక్కనే చూడండి. ద్రవ్యరాశిపరంగా 68 శాతం, సాంద్రత మిల్లీలీటరుకు 1.504 గ్రాములు ఇచ్చి మొలారిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ద్రావితం ఉందో) అడుగుతారు. వంద గ్రాముల ద్రావణం తీసుకుంటే అందులో ఆమ్లం 68 గ్రాములు, మోలార్ ద్రవ్యరాశి 63 కాబట్టి దాదాపు 1.08 మోల్‌లు, ఆ వంద గ్రాముల ఘనపరిమాణం సుమారు 66.5 మిల్లీలీటర్లే కాబట్టి జవాబు 16.23 అవుతుంది. సాంద్రతను వదిలేసి వంద గ్రాములను వంద మిల్లీలీటర్లుగా భావించిన వారికి 10.79 వస్తుంది. సజల ద్రావణం బాగా పలుచగా (విలీనంగా) ఉన్నప్పుడు సాంద్రత ఒకటికి దగ్గరగా ఉండి ఈ పొరపాటు దాగిపోతుంది. ఇక్కడ అది దాగే వీలే లేదు. 20 శాతం పొటాషియం అయొడైడ్ లెక్క కూడా నాకు అంతే ఇష్టం. సాంద్రత 1.202 ఇచ్చి మొలాలిటీ (కిలో ద్రావణికి ఎన్ని మోల్‌ల ద్రావితమో), మొలారిటీ, మోల్ భాగం (మొత్తం మోల్‌లలో ద్రావితం వాటా) మూడింటినీ అడగడం వల్ల, మొలాలిటీకి హారంలో 80 గ్రాముల నీరు, మొలారిటీకి మొత్తం ద్రావణం ఘనపరిమాణం రావాలన్న తేడా విద్యార్థికి చేత్తో చేస్తుండగానే అర్థమవుతుంది. జవాబులు వరుసగా 1.51, 1.45, 0.0263.

శాతాన్ని పదితోనూ సాంద్రతతోనూ గుణించి మోలార్ ద్రవ్యరాశితో భాగించే షార్ట్‌కట్‌ను చాలామంది మొదటి రోజే నేర్పుతారు. ఇచ్చిన శాతం ద్రవ్యరాశికి ద్రవ్యరాశి లెక్కన ఉంటే ఆ సూత్రం సరైనదే. ద్రవ్యరాశికి ఘనపరిమాణం లెక్కన ఉంటే మాత్రం సాంద్రతతో గుణించకూడదు. సూత్రాన్ని బట్టీపట్టిన పిల్లలు సరిగ్గా ఇక్కడే మార్కులు పోగొట్టుకోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. అందుకే వంద గ్రాములతో మొదలుపెట్టి పూర్తిగా చేయగలిగాకే షార్ట్‌కట్‌కు ఒప్పుకుంటాను.

ఈ అధ్యాయంలో నార్మాలిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని గ్రామ్ తుల్యాంకాలో చెప్పే గాఢత) లేదు. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) తరహా పరీక్షలకు సిద్ధమయ్యేవారు తుల్యభారాలను (మోలార్ ద్రవ్యరాశిని n అనే సంఖ్యతో భాగిస్తే వచ్చేవి), ముఖ్యంగా ఆమ్ల యానకంలో పర్మాంగనేట్‌కు n విలువ, అంటే ఒక్కో అయాన్ తీసుకునే ఎలక్ట్రాన్ల సంఖ్య, 5 అవుతుందన్న సంగతిని, వేరేచోట చదివి తీరాలి. అంకగణితంలో వేగం కూడా ఈ పుస్తకంతో దానంతట అదే రాదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, కాలిక్యులేటర్ లేకుండా చేయాలి. కాబట్టి ప్రతి లెక్కనూ రెండోసారి ఉజ్జాయింపు విలువలతో చేయిస్తాను: నైట్రిక్ ఆమ్లం లెక్కలో 1.504ను 1.5గా తీసుకుంటే 68, 10, 1.5ల లబ్ధమైన 1020ని 63తో భాగించడమే మిగులుతుంది, 16.2 వస్తుంది, నాలుగు ఆప్షన్లలోంచి సరైనదాన్ని గుర్తించడానికి సాధారణంగా అది చాలు.